వెచ్చటి గది ఒక్కటే: వాల్పరైసోలో మొదటి వారం

శనివారం

సావో పాలోలో విమానం మారేటప్పుడు కిటికీ సీటు అడిగి మరీ తీసుకున్నాను. గంటల తరబడి కింద చదునైన నేలే. ఇక నిద్రపోదాం అనుకునేసరికి ఉన్నట్టుండి మంచు. ఆండీస్. ఆ శిఖరాల్లో 6,961 మీటర్ల అకోంకాగ్వా ఎక్కడో ఉంటుందని చదివి వచ్చాను కానీ, ఏది అదో తేల్చుకునేలోపే విమానం దిగడం మొదలుపెట్టింది. కొండలు దాటడం, శాంటియాగోలో చక్రాలు నేలకి తగలడం రెండూ ఒకే దమ్ములో అయిపోయాయి. అంత సన్నటి దేశం చిలీ.

విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసేవాళ్ల కన్నా సామాను చూసేవాళ్లే గట్టివాళ్లు. ఉత్తరాన ఎడారి, తూర్పున ఆండీస్, పడమర పసిఫిక్. ఈ మూడూ కాపలా కాస్తుంటే బయటి చీడపీడలు సులువుగా రాలేవు. ద్రాక్షలు, చెర్రీలు, యాపిళ్లు ఓడల్లో ఎగుమతి చేసుకుని బతికే దేశం కదా, మిగిలిన ఆ ఒక్క తలుపు దగ్గర కుక్కల్ని పెట్టి మరీ వాసన చూస్తారు. మొక్కకి గాని జంతువుకి గాని సంబంధించిన వస్తువు ఏదున్నా ఫారంలో రాయాలి, రాయకపోతే జరిమానా. నేను అన్నీ రాశాను. అధికారిణి అమ్మ కట్టిన పొట్లాలు ఒక్కొక్కటీ విప్పింది. ఆవాలు, మెంతులు, ధనియాలు పక్కకి వెళ్లిపోయాయి, మొలకెత్తే గింజలు కాబట్టి. కందిపొడి డబ్బా మూత తీసి వాసన చూసి ఏమిటంది. వేయించి దంచిన పప్పు అన్నాను. ఇంకోసారి వాసన చూసి మూత బిగించి ఇచ్చేసింది.

అక్కడినుంచి వాల్పరైసోకి సుమారు 120 కిలోమీటర్లు. 68వ నంబరు రోడ్డు, రెండు సొరంగాలు, అవి దాటాక కాసాబ్లాంకా లోయ. జూలై ఆఖరు కాబట్టి ద్రాక్షతోటలన్నీ ఆకు రాలి, వరసగా పాతిన కర్రల్లా ఉన్నాయి. విశాఖలో బయల్దేరిన రోజు ఉక్కపోతకి రెండుసార్లు స్నానం చేశాను. ఇక్కడ బస్సు కిటికీ అద్దం ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి.

బస్టాండుకి ఎదురుగానే పార్లమెంటు భవనం. రాజధాని శాంటియాగోయే అయినా 1990 నుంచి పార్లమెంటు సమావేశాలు ఈ ఊళ్లోనే జరుగుతున్నాయి. దాన్ని సరిగ్గా చూసే లోపే ఎర్ర మఫ్లర్ కట్టుకున్న ఆవిడ నా రెండు భుజాలూ పట్టుకుని కుడి చెంపకి చెంప ఆనించి, గాలిలో ఒక ముద్దు పెట్టి, నా చేతిలోంచి పెద్ద పెట్టె లాక్కుంది. ఈమే, ఇక్కడి యూనివర్సిటీలో చదవడానికి వచ్చిన నేను ఉండబోయే ఇంటావిడ. ఏమని పిలవాలో ఉత్తరాల్లో తేలలేదు. 'తీయా' అను చాలంది. మనకి పిన్ని, అత్త, పక్కింటి ఆంటీ అందరూ కలిసిన పిలుపు. ఆమె భర్త తీయో. ఆమె తల్లి అబువేలిత. పదిహేడేళ్ల కొడుకు ఉన్నాడు. వాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీయకుండానే వచ్చి ముద్దు పెట్టి వెళ్లిపోయాడు.

ఆదివారం

ఇల్లు బరోన్ కొండ మీద. ఈ ఊరికి సముద్రం ఒడ్డున ఉన్న చదును కొంచెమే, దాన్ని 'ప్లాన్' అంటారు. బ్యాంకులు, బడులు, మార్కెట్లు అక్కడ. మనుషులు ఉండేది కొండల మీద. కొండలు నలభై రెండని తీయో అన్నాడు, అంతకన్నా ఎక్కువని కొడుకు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఇళ్లకి బయట ముడతల ఇనుపరేకులు కొట్టి రంగులు వేస్తారు. మాది పసుపు. వీధిలోంచి చూస్తే ఒక్క అంతస్తే, లోపలికెళ్తే వాలు వెంబడి కిందికి ఇంకో రెండు దిగుతాయి. నాకిచ్చిన గది అట్టడుగున.

ఆ గదిలో రాత్రి ఎముకలు కొరికే చలి. బయట చూస్తే ఎనిమిదో తొమ్మిదో డిగ్రీలు. కెనడాలో ఉన్న మా అన్నయ్య దీన్ని చలి అనడు. కానీ వాళ్ల ఇంట్లో గోడ గోడకీ వేడి గొట్టాలుంటాయి. ఇక్కడ చాలా ఇళ్లలో అలాంటివి లేవు. బయట ఎంత చలో లోపలా అంతే, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ కూడా. తీయా పడుకోబోయే ముందు రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి ఉన్ని తొడుగేసి దుప్పట్లో దూర్చి వెళ్లింది. దాన్ని గ్వాతేరో అంటారు. పొద్దున్న దాకా దాన్ని కరుచుకుని పడుకున్నాను.

పొద్దున్న బట్టలు ఆరేస్తూ తీయా ఇంటి లెక్క చెప్పింది. మన దగ్గర చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలతాడు, ఇక్కడ ఉత్తరానికి. ఈ ఊరి సముద్రం ఉత్తరం వైపే తెరుచుకుని ఉంటుంది కాబట్టి సముద్రం కనిపించే గదులకే ఎండ వస్తుంది. నా గదికి కొండ కనిపిస్తుంది. పొద్దున్న పదకొండు నుంచి మూడు దాకా నీ దుప్పట్లు తెచ్చి పై బాల్కనీలో ఆరేసుకో, రాత్రికి అవి వెచ్చగా ఉంటాయి అంది. వాస్తు చూసే మా తాతయ్యకి ఈ సంగతి చెప్పాలి. ఈశాన్యం గురించి ఆయనకి కొత్త బెంగ పట్టుకుంటుంది.

ఆదివారం భోజనానికి తీయా చెల్లెళ్లూ వాళ్ల పిల్లలూ వచ్చారు. ఎంపనాదాలు. లోపల గొడ్డుమాంసం ఖీమా, ఉల్లిపాయ, ఒక ఆలివ్, ఎండు ద్రాక్ష, ఉడికిన గుడ్డు ముక్క. నేను గొడ్డుమాంసం తిననని వచ్చే ముందే రాశాను. తీయా నాకు విడిగా చీజ్ పెట్టి చేసింది. అబువేలిత మాత్రం ఆ జవాబుతో తృప్తి పడలేదు.

"కోడి?"

"తింటానండీ."

"చేప?"

"తింటాను."

"మరి ఆవు నిన్నేం చేసింది?"

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేర్చుకున్న రెండేళ్ల స్పానిష్‌లో దీనికి సమాధానం లేదు. హైదరాబాద్‌లో మా టీచర్లు నేర్పిన స్పానిష్‌లో మాటల చివర ఎస్‌లు ఉంటాయి, వీళ్లు వాటిని మింగేస్తారు. పైగా ఆరుగురు ఒకేసారి మాట్లాడుతుంటే నాకు పళ్లెం తప్ప ఏదీ అర్థం కాలేదు. అయితే ఒకటి గమనించాను. ఇంత పెద్ద ఇంట్లో అందరూ ఉన్నది ఒకే గదిలో. భోజనాల గది మూలన కిరోసిన్ స్టవ్ వెలుగుతోంది. దాని మీద నారింజ తొక్కలు పెట్టారు, వాసన విరగడానికి. ఇంకే గదిలోనూ స్టవ్ లేదు. కొడుకు హోంవర్కు, తీయో నిద్ర, అబువేలిత అల్లిక, చుట్టాల తగువులు, అన్నీ ఇక్కడే. గదిలో తలుపేసుకుని కూర్చుందామన్నా చలి కూర్చోనివ్వదు.

సోమవారం

ఇంటి నియమాలు. రాసి పెట్టినవి కావు, ఒక్కోటీ పని పడ్డప్పుడు చెప్పినవి.

స్నానానికి ముందు వంటగదిలో కాలెఫోన్ వెలిగించాలి. గోడకి బిగించిన గ్యాస్ గీజర్ అది. మన గీజర్‌లా నీళ్లు కాచి నిలవ ఉంచదు, కుళాయి తిప్పితేనే మంట అంటుకుని, పారే నీళ్లని పారుతుండగానే వేడి చేస్తుంది. స్నానం అవగానే ఆపేయాలి. ఎవరైనా స్నానంలో ఉండగా వంటగదిలో వేడినీళ్ల కుళాయి తిప్పితే లోపలినుంచి కేక వినిపిస్తుంది. టాయిలెట్ కాగితం గోలెంలో వేయకూడదు, పక్కన బుట్టలో వేయాలి. వెలుపలికి వెళ్లేటప్పుడు ప్లగ్గులో ఏమీ ఉంచకూడదు. చెప్పకుండా ఎవరైనా తొమ్మిది దాటి రాకపోతే అబువేలిత కిటికీ దగ్గరే కూర్చుంటుంది, ఆమెకి కీళ్ల నొప్పులు, కాబట్టి చెప్పాలి.

గ్యాస్ సిలిండర్ పదిహేను కిలోలది. ఖాళీ అయితే ఫోను చేయొచ్చు, కానీ అబువేలిత చెవి ఫోను కన్నా నమ్మకం. కొండ కింద ఎక్కడో లారీ కుర్రాడు ఇనుప కడ్డీతో సిలిండర్ మీద టంగుటంగుమని వాయించుకుంటూ వస్తాడు. మన వీధుల్లో పాత సామాను కొనేవాళ్ల కేకని ఏ వంటింట్లోంచైనా పట్టేసినట్టు, ఆమె మూడో మలుపులో ఉండగానే ఆ చప్పుడు పట్టేసి 'గ్యాస్!' అంటుంది. కొడుకు పరిగెత్తుతాడు. చలికాలం గ్యాసూ కిరోసినూ కలిపి ఇంటి ఖర్చులో చాలా తినేస్తాయట. వేడినీళ్ల దగ్గర అంత పట్టింపు ఎందుకో అప్పుడు తెలిసింది. హాస్టల్లో అయితే నేను బకెట్లకి బకెట్లు పోసుకునేదాన్ని.

సాయంత్రం మొదటి నెల డబ్బు కవర్లో పెట్టి తీయాకి ఇచ్చాను. ఇవ్వడం నాకు ఇబ్బందిగా ఉంది, తీసుకోవడం ఆమెకీ అలాగే ఉంది. లెక్కపెట్టలేదు. ఫ్రిజ్ మీదున్న పాత బిస్కెట్ల డబ్బాలో కవరు తోసి, సూప్‌లో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

మంగళవారం

యూనివర్సిటీలో పరిచయ కార్యక్రమం. ప్లాన్‌లో ఉంది, నడిచి పోవచ్చు. కొండ దిగడానికి మెట్లున్నాయి, బస్సులున్నాయి, నల్ల కలెక్తీవో కార్లున్నాయి. కలెక్తీవో అంటే షేర్ ఆటో లాంటిదే, కాకపోతే కారు. వెనక సీట్లో వాళ్లు చిల్లర ముందు సీటువాళ్ల చేతికిస్తే అది డ్రైవరుకి చేరుతుంది, మిగిలింది అదే దారిలో వెనక్కి వస్తుంది. ఇవి కాక అసెన్సోర్లు, వాలు వెంబడి పట్టాల మీద తాడు లాగితే పాకే పెట్టెలు. 1883లో కన్సెప్సియోన్ కొండకి మొదటిది కట్టారు. కరెంటు మోటారుతో నడిచిన మొదటిది మా బరోన్ కొండదేనని తీయో ఛాతీ విరుచుకుని చెప్తాడు. పనామా కాలువ 1914లో తెరిచే దాకా అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కి ఖండం దక్షిణపు కొస కేప్ హార్న్ చుట్టి వచ్చే ఓడలకి ఈ ఊరు పెద్ద మజిలీ. ఆ డబ్బుతో వచ్చిన వైభవం కాలువతో పోయింది. 2003లో యునెస్కో గుర్తింపు ఇచ్చాక పర్యాటకులు వచ్చారు. పోర్టులో క్రేన్ నడిపే తీయో మాత్రం, ఫొటోలు తీసేవాళ్లు పెరిగారు, ఓడలన్నీ సాన్ అంతోనియో పోర్టుకి పోతున్నాయి అంటాడు.

తిరిగొచ్చేసరికి ఆరున్నర, చీకటి. ఎనిమిదింటికి ఓన్సే. ఈ ఇంట్లో రాత్రి భోజనం లేదు, ఇది అలవాటు పడడానికే నాకు కష్టంగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి కడుపునిండా తిని, రాత్రికి టీ, రొట్టె, రొట్టె మీదకి ఏమేముంటే అవి. పాల్తా, అంటే మనం అవకాడో అనేది, ఫోర్కుతో మెదిపి ఉప్పు కలిపి ఒక గిన్నె. టొమాటో, చీజ్, పాలని పంచదారతో గంటలు మరగబెట్టి చేసే మంహార్. రొట్టెని కిలో లెక్కన కొంటారు. జంటలుగా అతుక్కుని నాలుగు ముక్కలుగా విరిగేది. చిలీ అంతా దాన్ని మర్రాకేతా అంటే ఈ ఊళ్లో పాన్ బతీదో అంటారు. ఈ దేశంలో మనిషి ఏడాదికి తొంభై కిలోల దాకా రొట్టె తింటాడని అంటారు. మా టేబుల్ చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

కాఫీ ఖండంలో వీళ్లు టీ మనుషులు. డబ్బా మీద సిలోన్ అని రాసుంది. పాలు వేడి చేసి పోసుకుంటానంటే ఎవరూ వింతగా చూడలేదు, అబువేలిత కూడా అలాగే తాగుతుందట.

కందిపొడి ఆరోజే బయటికి తీశాను. పాల్తా మెదిపిన రొట్టె మీద ఉప్పుకి బదులు చల్లుకున్నాను. మీరెవరైనా అవకాడో దొరికే ఊళ్లో ఉంటే చేసి చూడండి, ఇంకేం చెప్పను. అబువేలిత చెయ్యి చాపింది. నోట్లో వేసుకుని, ఇది మా వేయించిన గోధుమపిండి లాంటిదే, కాకపోతే కోపంగా ఉంది అంది. రెండో ముక్క మీద కూడా చల్లుకుంది. తీయో ఒక్క చిటికె రుచి చూసి రెండు కప్పులు టీ తాగాడు.

ఓన్సే గంటన్నర సాగుతుంది. టీవీలో వార్తలు వస్తుంటాయి, ఎవరూ చూడరు. నాకు స్పానిష్ వచ్చేది ఏదైనా ఉంటే ఈ టేబుల్ దగ్గరే వస్తుంది, క్లాసులో కాదు. మధ్యలో లేచిపోదామంటే కింద గదిలో చలి కాచుకుని ఉంటుంది మరి. అప్పటికి విశాఖలో తెల్లవారి ఐదున్నర, అమ్మ లేచే వేళ. స్టవ్ పక్కనే కూర్చుని ఫోను చేస్తాను. వీళ్లంతా అమ్మకి చెయ్యి ఊపుతారు, అమ్మ తల దువ్వుకోలేదని కెమెరా ఆపేస్తుంది.

బుధవారం

అవెనిదా అర్హెంతీనాలో వారానికి రెండు రోజులు సంత. తీయాతో వెళ్లాను. కొత్తిమీర కట్టలు చూసి ప్రాణం లేచొచ్చింది, చేతికి పట్టనంత పెద్దవి, చాలా చవక. సపాయోని, అంటే పెద్ద గుమ్మడికాయని, రంపంతో కోసి ముక్కలుగా అమ్ముతున్నారు. కోచాయూయో అనే సముద్రపు నాచు ఎండి గోధుమరంగు గొట్టాల్లా చుట్టలు చుట్టి కట్టి ఉంది. ఉడికిస్తే మాంసంలా ఉంటుందంటుంది తీయా, కొడుకేమో చెప్పులా ఉంటుందంటాడు. దుకాణదార్లు ఆమెని 'కసేరీతా' అంటారు, ఆమె వాళ్లని 'కసేరో' అంటుంది. పాల్తాలు నొక్కి చూడడానికి వీల్లేదు. ఎప్పుడు తింటావో చెప్తే అమ్మేవాడే ఏరి ఇస్తాడు: ఈరోజుకి రెండు, శుక్రవారానికి మూడు.

నా కోసం మెర్కేన్ కొంది. ఇక్కడి ఆదివాసులైన మపూచేల వంటకి ప్రాణం అది, ఎండుమిరప పొగబెట్టి, దంచి, వేయించిన ధనియాలూ ఉప్పూ కలిపింది. ఇంటికొచ్చి మధ్యాహ్నం బీన్స్‌లో వేసుకున్నాను. బీన్స్‌లో సేమ్యా లాంటి పొడుగు స్పగెట్టీ కూడా ఉంది, దాన్ని 'కళ్లేల బీన్స్' అంటారు. రెండు పిండిపదార్థాలు కలిపి తినడం ఏమిటనుకుంటే, పూరీలో బంగాళదుంప తినే మనం అనకూడదు.

గురువారం

రాత్రి పదకొండు దాటాక గ్లాసులు కొట్టుకున్న చప్పుడు. తర్వాత కింద రోడ్డు మీద పెద్ద లారీ పోతున్నట్టు గుర్రుమంది. ఆ తర్వాత మంచం. పైకి పరిగెత్తాను. భోజనాల గదిలో తీయా, అబువేలిత సీరియల్ చూస్తున్నారు. ఇద్దరి కళ్లూ టీవీ మీద లేవు, పైన వేలాడే దీపం మీద ఉన్నాయి. దీపం ఊగుతోంది. ఎవరూ లేవలేదు. కొంచెంసేపటికి ఊపు తగ్గింది.

"ఐదు పాయింట్లు," అంది తీయా.

"నాలుగున్నర," అంది అబువేలిత.

కొడుకు ఫోన్లో చూసి ఎంతో చెప్పాడు. అబువేలితే దగ్గరగా ఉంది.

నాకు నీళ్లిచ్చి కూర్చోబెట్టి చెప్పారు. ఊరికే ఊగితే కూర్చోవచ్చు. నిలబడలేనంతగా ఊగితే సునామీ రావచ్చు, ఊపు ఆగాక, కింద ప్లాన్‌లో ఉన్నవాళ్లు సైరన్ కోసం చూడకుండా ముప్పై మీటర్ల ఎత్తుకి ఎక్కేయాలి. వీధుల్లో బోర్డుల మీద పరిగెత్తే మనిషి బొమ్మా, వెనక అల బొమ్మా ఉన్నది అందుకే. మా ఇల్లు ఎలాగూ కొండ మీద, మనం ఇక్కడే ఉండి కిందనుంచి వచ్చేవాళ్లకి తలుపు తీయాలి. తలుపు దగ్గర వేలాడుతున్న సంచిలో టార్చి, నీళ్లు, రేడియో, కాగితాలు. దాన్ని నేను ఇన్నాళ్లూ సంతకి వెళ్లే సంచి అనుకున్నాను.

ప్రపంచంలో యంత్రాలకి అందిన అతి పెద్ద భూకంపం, 9.5, 1960లో ఈ దేశం దక్షిణాన వాల్దీవియాలో వచ్చింది. 2010 ఫిబ్రవరి 27న 8.8 వచ్చింది. అబువేలితకి మాత్రం భూకంపం అంటే 1985 మార్చి 3. ఆదివారం సాయంత్రం, ఓన్సేకి రొట్టెలు కాలుస్తోంది, తీయాకి అప్పుడు ఎనిమిదేళ్లు. గోడ ఒకటి వీధిలోకి పడిపోయింది. ఆ రాత్రీ, ఆ తర్వాత చాలా రాత్రులూ వీధివాళ్లంతా బయటే పడుకున్నారట. ఆమె ఈ కథ నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా, ఎస్‌లు మింగకుండా చెప్పింది. అర్ధరాత్రి దాటింది. స్టవ్‌లో కిరోసిన్ అయిపోతే తీయా ఏమీ అనకుండా ఇంకొంచెం పోసింది.

శుక్రవారం

గుర్తింపు కార్డు కోసం ఆఫీసులో క్యూ. రూత్ అనే నంబరు లేనిదే ఇక్కడ మనిషి లెక్కలో లేనట్టే, మందుల షాపులో దగ్గుబిళ్లలు కొన్నా కౌంటర్లో నంబరు అడుగుతారు. లేదంటే తల అడ్డంగా ఊపి బిల్లు కొడతారు. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

శనివారం

ఉత్తరపు గాలి. ఎండనిచ్చే దిక్కే తుఫానునీ ఇస్తుంది ఈ ఊరికి. అఖాతం అటువైపు తెరుచుకుని ఉంది కదా, అలలు నేరుగా లోపలికి వచ్చేస్తాయి. పోర్టు మూసేశారు. తీయో షిఫ్టు పోయింది, ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. ఇనుపరేకుల మీద వాన చప్పుడుకి పక్కనున్నవాళ్ల మాట వినిపించడం లేదు. మూడింటికి కరెంటు పోయింది.

వాన పడితే సోపైపీయాలు చేయాలి, ఇందులో చర్చ లేదు. ఉడికించిన సపాయో మెదిపి పిండిలో కలిపి, గుండ్రంగా కోసి నూనెలో వేయిస్తారు. తర్వాత చంకాకా పాకంలో వేసి ఉడికిస్తారు. చంకాకా అంటే అచ్చు మన బెల్లమే, దాల్చినచెక్కా నారింజ తొక్కా వేసి కాచారు. నాకు పిండి వత్తే పని ఇచ్చారు. గుండ్రంగా వచ్చాయని తీయా మెచ్చుకుంది. పూరీలు వత్తిన చేయని చెప్పలేదు.

కొవ్వొత్తులు పెట్టి పేక తీశారు. కరియోకా. రెండు పేకలు, జోకర్లు, తలకి పన్నెండు ముక్కలు. ఒకే అంకె మూడు కలిస్తే త్రియో, ఒకే రంగులో వరస నాలుగు కలిస్తే ఎస్కాలా. అంటే రమ్మీయే, ఆట ఆటకీ ఏది కలపాలో ముందే తేల్చి ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో మామయ్యల దగ్గర నేర్చుకున్న విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. పేకలో క్రియాపదాలు అక్కర్లేదు. మొదటి రెండు ఆటలూ నేనే కొట్టాను. తీయో ముఖం అప్పటికి విప్పారింది, ఇండియాలో స్పానిష్ కన్నా పేకే బాగా నేర్పుతారన్నాడు. మూడో ఆట నుంచి అబువేలిత మొదలుపెట్టింది. ఆమె ఒళ్లో అల్లిక ఉంది, అల్లిక కింద ఒక జోకర్ ఉందని కొడుకు ప్రమాణం చేసి చెప్తాడు. తీయా వాడిని నోరు మూసుకోమంది.

చివరికి నా చేతిలో మిగిలిన ముక్కలకే అందరికన్నా ఎక్కువ పాయింట్లు వచ్చాయి. ఓడినవాళ్లు రొట్టెకి వెళ్లాలి.

"కిలోన్నర," అంది అబువేలిత. "బాగా కాలినవి అడుగు. తెల్లగా ఉన్నవి వేస్తే తీసి పక్కన పెట్టు, మొహమాటపడకు. డబ్బులు డబ్బాలోంచి తీసుకో."

తీయో తన పోర్టు రెయిన్‌కోటు ఇచ్చాడు, మోకాళ్ల కింద దాకా వచ్చింది. మూల మీది బేకరీలో నా ముందు ఆరుగురున్నారు, వేడి వాయి ఇంకా పొయ్యిలోనే ఉంది.